నిమ్మకాయలో సూది

మొన్న మా మనవరాలు ఫోన్లో ఏదో చదువుతూ "యురేనస్" అన్నది. వంటింట్లో కూర కలుపుతున్నదాన్ని, గరిటె చేత్తో పట్టుకునే బయటికొచ్చాను. ఆ మాట మా ఇంట్లో వినపడి ఎన్నేళ్ళయిందో.

"అది పక్కకి పడుకుని తిరుగుద్ది. దాని అయస్కాంతమేమో ఇంకో దిక్కుకి వంగి ఉంటది" అన్నాను.

పిల్ల నన్ను ఎగాదిగా చూసింది. "నానీ, నీకెట్టా తెలుసు?"

టైపు కొట్టాను కాబట్టి తెలుసు. ఒకసారి కాదు, రెండుసార్లు కొట్టాను. రెండోసారి కొట్టినప్పుడు ఒక అధ్యాయం తగ్గింది. తగ్గించిన మనిషి ఇప్పుడు లేదు. ఆమె పోయిన సంగతి కూడా నాకు ఆలస్యంగా, ఎవరో బస్టాండులో కనిపించి చెబితే తెలిసింది. అంత దగ్గరగా మసిలిన మనిషి చివరిచూపు దక్కలేదని నాకు ఇప్పటికీ కష్టంగానే ఉంటుంది.

నరసరావుపేటలో మా అబ్బాకి, అంటే నాన్నకి, టైపు ఇనిస్టిట్యూటు ఉండేది. ముందుగదిలో మిషన్లు, వెనక మేము, మా వెనక ఒక చిన్న వాటా. ఆ వాటాలో ఆమె అద్దెకుండేది. ప్రైవేటు కాలేజీలో ఫిజిక్సు లెక్చరరు, అదీ టెంపరరీ. సొంత ఊరు మాచవరం. ముప్పై అయిదు దాటి ఉంటాయి. పెళ్ళి గురించి ఎవరైనా అడిగితే కోపం తెచ్చుకోకుండా, సమాధానమూ చెప్పకుండా నవ్వేది. మేమంతా మేడం అనే పిలిచేవాళ్ళం. మా అమ్మీ మాత్రం మేడమ్మా అనేది.

జడ చుట్టి ముడేసుకుని, ఆ ముడిలో పెన్ను గుచ్చుకునేది. ఆ పెన్ను కోసమే ఇల్లంతా వెతికేది. ఎడమ భుజం మీద చీర ఎప్పుడూ సుద్దముక్క రంగులోనే ఉండేది. ఏదైనా గట్టిగా ఆలోచిస్తుంటే తల ఒక పక్కకి వాల్చేది. ఆ గ్రహం లాగే తనూ పక్కకి పడుకుని ఆలోచిస్తుందేమో అని నాకు నవ్వొచ్చేది.

అన్నిటికంటే పెద్ద వింత ఆమె అడిగే ప్రశ్న. పాలబ్బాయి "చుక్క నీళ్ళు కలపలేదమ్మా" అంటే "కొలిచావా, అనుకున్నావా?" అనేది. అమ్మీ నా నుదుటి మీద చెయ్యి పెట్టి "జొరం తగ్గిందే" అంటే, "కొలిచావా పిన్నీ, అనుకున్నావా?" అని లోపలికెళ్ళి థర్మామీటరు తెచ్చేది. మా వీధిలో ఆ మాట పట్టుకుని పిల్లా జెల్లా ఆటపట్టించేవాళ్ళు. ఆమెకు పట్టేది కాదు. తనని ఎగతాళి చేసేవాళ్ళని కూడా "నేను పిచ్చిదాన్నని కొలిచావా, అనుకున్నావా?" అని అడిగి నోరు మూయించేది.

ఆ వాటా నేల మాచర్ల నాపరాళ్ళు పరిచిన నేల. నల్లగా, చల్లగా ఉండేది. ఒకరోజు అమ్మీ కూర ఇవ్వటానికి వెనక్కి వెళ్ళి, గిన్నె అక్కడే పడేసి, గుండెలు బాదుకుంటూ పరిగెత్తుకొచ్చింది.

"యా అల్లా! ఏమయ్యో సాయిబూ, కొంప మునిగింది! ఆ మేడమ్మ చేతబడి చేస్తా ఉంది!"

అబ్బా, నేనూ వెళ్ళి చూశాం. నేలంతా సుద్దముక్కతో గీసిన గుండ్రాలు, ఒకదాని బయట ఒకటి. మధ్యలో ఒక నిమ్మకాయ. నిమ్మకాయలో అటు నుంచి ఇటు దూసుకుపోయిన అల్లికసూది. పక్కన ఆమె, మోకాళ్ళ మీద, జుట్టు విరబోసుకుని. తలంటు పోసుకున్న రోజు కాబట్టి విరబోసుకుంది, కానీ అమ్మీకి అదంతా చెప్పేదెవరు?

అబ్బా గొంతు సవరించుకుని, "ఏందమ్మా ఇది?" అన్నాడు.

"గ్రహం సాయిబు గారూ" అన్నది ఆమె, మేము భయపడ్డామన్న సంగతే గుర్తించకుండా. "సూర్యుడికి చానా దూరంగా ఉంటది. మిగతా గ్రహాలు బొంగరాల్లా నిలబడి తిరుగుతాయి. ఇదేమో పడిపోయిన బొంగరం. పడిపోయి కూడా తిరుగుతానే ఉంది."

నిమ్మకాయ ఆ గ్రహం. సూది దాని ఇరుసు. గుండ్రాలు దాని చంద్రుళ్ళు నడిచే దారులు. ఆ గ్రహానికి భూమికున్నట్టే అయస్కాంతం ఉంటుందనీ, సూర్యుడి వైపు నుంచి ఎగిరొచ్చే కంటికి కనపడని కణాలు ఆ అయస్కాంతంలో చిక్కుకుని అటూ ఇటూ పరుగులు పెడతాయనీ, ఆ పరుగుల లెక్కే తన థీసిస్ అనీ, వాటిని కొలవటానికి అమెరికా వాళ్ళు పంపిన అంతరిక్ష నౌక ఒకటి ఆ గ్రహం దగ్గరికి పోతోందనీ చెప్పింది. అమ్మీ గుమ్మం బయటే నిలబడి, మెడలో తావీజు పట్టుకుని అంతా విన్నది. చివరికి "నిమ్మకాయ లేకుండా లెక్క రాదా మేడమ్మా?" అని అడిగింది. "జామకాయ పెట్టా పిన్నీ. ఆకలేసి తినేశా" అన్నది ఆమె. అమ్మీ ఆ మాటకి నవ్వేసింది. భయం పోయిందని కాదు, కాస్త తగ్గింది.

ఆ కణాల సంగతి నాకు అర్థమయింది మాత్రం బస్సులో. మిరపకాయలు ఎండబెట్టే రోజులు. ఏడాదికి సరిపడా కాయలు కొనుక్కురావటానికి అమ్మీ, నేనూ ఆమెతో కలిసి మాచవరం వెళుతున్నాం. వాళ్ళన్నకి అక్కడ పొలం ఉంది. రోడ్డు పక్క ఎర్రగా కాయలు పరిచిన కల్లం ఒకటి వచ్చింది. బస్సు బస్సంతా తుమ్ములు, దగ్గులు.

"కిటికీలు ముయ్యండయ్యా, చంపుతారా ఏంది!" అని కండక్టరు అరుస్తున్నాడు.

అందరూ ముక్కులు మూసుకుంటే ఆమె కిటికీలోంచి మొహం బయటికి పెట్టి, కళ్ళెంట నీళ్ళు కారుతుంటే నవ్వుతోంది. "అమ్మాయ్, కళ్ళు మూసుకో. ఘాటు కనపడుద్దా? కనపడదు. కానీ ముందు సీట్లో ఆయన ఎక్కడ తుమ్మాడో, నువ్వెక్కడ తుమ్మావో, ఎక్కడ ఆగిందో చెబితే చాలు, కల్లం ఎంత పొడుగో నేను చెప్పగలను. ఆ నౌక చేసేదీ ఇదే. ఆగదు. ఒక్కసారి పక్కనుంచి పోద్ది. పోతా పోతా తుమ్ముద్ది. దాని తుమ్ముల్ని బట్టి ఆ గ్రహం కల్లం ఎంతుందో, ఎటు వాలిందో మనం కనుక్కోవాల."

సాయంత్రం అదే దారిలో మూటలేసుకుని వెనక్కొచ్చాం. అదే కల్లం దగ్గర ఒక్కరూ తుమ్మలేదు. అమ్మీ కిటికీలోంచి చూడకుండానే, "ఏందే, కల్లం ఎత్తేశారా?" అన్నది.

"అక్కడే ఉంది పిన్నీ. గాలి తిరిగింది, అంతే" అని నవ్విన ఆమె, ఉన్నట్టుండి ఆ నవ్వు ఆపేసింది. తల పక్కకి వాల్చి, పేట వచ్చేదాకా వేళ్ళ మీద ఏదో లెక్కేసుకుంది. బస్సు దిగేటప్పుడు, "మా బస్సుకి తిరుగు ప్రయాణం లేదే అమ్మాయ్" అన్నది. నాకప్పుడు అర్థం కాలేదు, అడగనూ లేదు.

ఆ పై ఏడు, అంటే ఎనభై ఆరు జనవరిలో, ఆ నౌక యురేనస్ దగ్గరికి చేరుతుంది.

కాలేజీ వాళ్ళు ఆమెకు గడువు పెట్టారు. జనవరి ఆఖరులోగా థీసిస్ యూనివర్సిటీలో ఇచ్చినట్టు రసీదు చూపించాలి. లేకపోతే ఆమె ఉద్యోగం, అప్పటికే డాక్టరేటు చేతిలో పెట్టుకుని గుంటూరులో కాచుక్కూర్చున్న ఇంకొకాయనకి పోతుంది. ఎన్నో ఏళ్ళు టెంపరరీగా చాకిరీ చేసిన మనిషి. ఆ ఉద్యోగం తప్ప ఆమెకు వేరే ఆధారం లేదు.

థీసిస్ టైపు నాది. లోయరు, హయ్యరు రెండూ పాసై, మా ఇనిస్టిట్యూటులో నా అంత వేగంగా కొట్టేవాళ్ళు లేరని నాకు పొగరు. ఆ పొగరంతా ఆమె దించింది. కార్బన్లు పెట్టి అన్ని కాపీలూ ఒకేసారి కొట్టాలి. ఒక్క అక్షరం తప్పు పడితే ఎవరైనా తెల్లరంగు పూసి దాని మీద కొట్టుకుంటారు. ఆమె ఒప్పుకునేది కాదు.

"కింద తప్పు అట్టాగే ఉంటది గదే. పైన సున్నం కొట్టి లేదనుకోవటం ఎందుకు? చింపెయ్, మళ్ళీ కొట్టు."

ఎన్ని పేజీలు చింపించిందో! నేను తిట్టుకుంటూ చింపేదాన్ని. గ్రీకు అక్షరాలకు ఖాళీలు వదిలితే, ఆమె సాయంత్రాలు వచ్చి, నల్లసిరాతో ఒక్కొక్కటే పూరించేది. అలా కొట్టగా కొట్టగా నాకూ కొంత ఎక్కింది. థీసిస్ మొత్తం రెండు ఊహల మీద నిలబడి ఉంది. ఒకటి, ఆ గ్రహం అయస్కాంతం కూడా ఇరుసు పట్టుకునే, అంటే నిమ్మకాయలో సూది ఎటుంటే అటే ఉంటుందని. అప్పటికి చూసిన గ్రహాలన్నిటికీ దగ్గరదగ్గరగా అలాగే ఉంది కాబట్టి అందరూ అలాగే అనుకుంటున్నారు. అలా ఉంటే, చంద్రుళ్ళు ఒక్కొక్కరూ తమ దారి వెంట కణాల్ని చీపురుతో ఊడ్చినట్టు ఊడ్చుకుంటూ పోతారు. ఏ చంద్రుడు ఏ మేర ఊడుస్తాడో చెప్పే పట్టికలు ఆమె లెక్కగట్టింది. రెండోది, ఆ చంద్రుళ్ళ మీదున్న మంచు నుంచి నీటి ధూళి లేచి ఆ కల్లమంతా నిండిపోయి ఉంటుందని. ఆ రెండోదాని మీద ఒక అధ్యాయం ఉంది. ఆమెకు అదంటే ప్రాణం. అది కొట్టేటప్పుడు నా వెనక నిలబడి పెదాలు కదుపుతూ ఉండేది.

జనవరి సగంలో గైడు కబురు పెట్టాడు. ఆయన మంచివాడే, ఆమె బాగు కోరేవాడే. ఆయన చెప్పింది ఆమె కౌంటరు దగ్గర నిలబడి మాకు చెప్పింది. "నౌక చేరకముందే ఇచ్చెయ్యమంటున్నారు. తరవాత ఏం తేలినా నా తప్పు కాదంట. అప్పటికి లోకమంతా అనుకున్నదే నేనూ అనుకున్నాను గదా అంట."

"ఆయన చెప్పింది సబబుగానే ఉందమ్మా" అన్నాడు అబ్బా.

"రేపు బైండింగుకిచ్చి ఎల్లుండి బస్సెక్కండి మేడం" అన్నాను నేను. "మీరు తప్పు చెయ్యట్లేదు గదా."

ఆమె నా వైపు చూసింది. "పాలబ్బాయి దగ్గర్నుంచి అందర్నీ కొలిచావా అని నిలదీసి, నా వంతు వచ్చేసరికి కొలిచేవాడు రాకముందే పారిపొమ్మంటావా?"

పారిపోలేదు. కాగితాలన్నీ నాడాతో కట్టి మా అలమారాలో పెట్టింది. నౌక దాటిన తరవాత, ఆ అయస్కాంతం ఎటుందో విని, అప్పుడు నెలాఖరున పట్టుకెళతానన్నది. తను అనుకున్నదే నిజమైతే అలాగే ఇస్తుంది. మధ్యలో ఉన్నది వారం రోజులు. ఆ వారంలో తెలియాలి. నాకు ఒళ్ళు మండిపోయింది. "ఈవిడకి ఉద్యోగం బరువైంది అమ్మీ" అని వంటింట్లో గిన్నెలు ఎత్తి పడేశాను.

నౌక దాటింది. రేడియోలో ఒక్క ముక్క చెప్పారు. గ్రహం పక్కనుంచి క్షేమంగా పోయిందట, కొత్తగా చిన్న చిన్న చంద్రుళ్ళు కనపడ్డాయట. అయస్కాంతం ఊసు లేదు. అమ్మీ కూడా కుదురుగా లేదు. పొద్దున్నే కాఫీ గ్లాసుతో వెనక్కి వెళ్ళి, "ఏమన్నదమ్మా నిమ్మకాయ?" అని అడగటం మొదలుపెట్టింది. "ఇంకా నోరిప్పలా పిన్నీ" అనేది ఆమె. జెండా పండగ వెళ్ళింది. రోజూ కాలేజీ నుంచి గ్రంథాలయానికి వెళ్ళి మద్రాసు నుంచి వచ్చే ఇంగ్లీషు పేపరు మూల మూలలా వెతికేది.

ఆ తరవాత అమెరికాలో ఏడుగుర్ని ఎక్కించుకుని లేచిన ఇంకో నౌక ఆకాశంలోనే పేలిపోయింది. పేపర్లన్నీ ఆ పొగ బొమ్మతో నిండిపోయాయి. యురేనస్ ఎక్కడా లేదు. ఆ మధ్యాహ్నం ఆమె మా కౌంటరు ముందు బల్ల మీద కూలబడింది.

"ఆ ఏడుగురిలో ఒకావిడ పంతులమ్మ అంట అమ్మాయ్. పిల్లలు టీవీల్లో చూస్తా ఉన్నారంట." చేతిలో పేపరు మడిచి, "నేనేమో ఆ పేపర్లో నా అయస్కాంతం కోసం వెతుక్కుంటా ఉన్నా. సిగ్గేస్తాంది" అన్నది. ఆమె కళ్ళు తుడుచుకోవటం నేను అదే మొదటిసారి చూడటం.

కాలేజీలో ప్రిన్సిపాలు పిలిచి గడువు గుర్తుచేశాడు. అది చాలదన్నట్టు నిమ్మకాయ సంగతి ఎలా పాకిందో, "లెక్చరరు అయ్యుండి ఇంట్లో ఆ పూజలేందమ్మా" అని కూడా అన్నాడట. ఆమె ఆయన్ని అడగాల్సిన ప్రశ్న అడిగే వచ్చింది. అడగకుండా ఉంటే బాగుండేదని అబ్బా అన్నాడు.

గడువుకి ముందురోజు సాయంత్రం. ఇనిస్టిట్యూటు నిండా పిల్లలు, మిషన్లు టకటకమంటున్నాయి. లండన్ స్టేషనులో ఆ వేళకి సైన్సు కబుర్లు వస్తాయని ఆమె అబ్బా చేత పెద్ద రేడియో పెట్టించింది. గరగరమనే చప్పుడు, మధ్యలో ఏదో పాట, మళ్ళీ గరగర. అబ్బా చెవి ఆనించి మర తిప్పుతున్నాడు. ఇంగ్లీషు గొంతు ఒకటి పైకి తేలింది. అందులో ఆ గ్రహం పేరు వినపడింది. ఆమె చెయ్యి పైకెత్తింది, అంతే. మిషన్లన్నీ ఒక్కసారి ఆగిపోయాయి.

గొంతు తేలుతోంది, మునుగుతోంది. నాకు ముక్కలు ముక్కలుగా దొరికింది. అయస్కాంతం ఉంది. బలంగానే ఉంది. కానీ ఇరుసు వెంట లేదు. దాదాపు అరవై డిగ్రీలు పక్కకి వంగి ఉంది. గ్రహం నడిమధ్య నుంచి కూడా పోవటం లేదు, ఓ పక్కగా పోతోంది. మళ్ళీ గరగర.

ఆమె ఎత్తిన చెయ్యి దించింది. "కొలిచారు" అన్నది. లేచి వెనక్కి వెళ్ళిపోయింది.

నేను వెనకాలే పరిగెత్తాను. నిమ్మకాయ చేతిలోకి తీసుకుని, ఇంకో సూదిని ఏటవాలుగా, నడిమికి పక్కగా గుచ్చింది. నేల మీద పెట్టింది. ఆ గుండ్రాల్లో ఒకదాని మీద నడవటం మొదలుపెట్టింది, చంద్రుడిలాగా. నడుస్తూ నడుస్తూ చప్పట్లు కొట్టింది.

"చూశావా అమ్మాయ్! వాడు ఒకే మేర ఊడుస్తాడనుకున్నా. సూది ఇట్టా వంగితే, నిమ్మకాయ తిరిగే కొద్దీ కల్లం కూడా ఊగుద్ది. వాడు నడిచేది అదే దారి, ఊడ్చేది మాత్రం కల్లం అంతా! ఎంత బాగుందే! ఎవరికీ తట్టలేదే!"

అమ్మీ గుమ్మంలో నిలబడి, "ఏమన్నదమ్మా?" అని అడిగింది.

"వంకరగా ఉన్నానన్నది పిన్నీ" అని నవ్వింది. నవ్వుతూనే ఆ గుండ్రం మీద కూర్చుంది. అప్పుడు ఏడ్చింది. ఇన్నేళ్ళ పట్టికలు ఒక్క సాయంత్రంలో పనికిరాకుండా పోయాయి. అమ్మీ చెప్పులు విప్పి, ఆ గీతలన్నీ తొక్కుకుంటూ పోయి, ఆమె పక్కన కూర్చుని వీపు నిమిరింది.

నేను మాత్రం ఊరుకోలేదు. "మేడం, ఈ రేడియో సంగతి యూనివర్సిటీలో ఎవరు విన్నారు? రేపు పొద్దున్నే పోయి ఇచ్చెయ్యండి. రసీదు తీసుకోండి. తరవాత సంగతి తరవాత."

ఆమె మొహం కడుక్కుని వచ్చింది. "మిషన్లో కాగితం ఎక్కించు" అన్నది.

ఒక్క పేజీ చెప్పింది, ఇంగ్లీషులో. ఈ పరిశోధన ఒక ఊహ మీద కట్టినది. నౌక కొలిచింది. ఊహ తప్పు. లెక్క కట్టిన పద్ధతి నిలుస్తుంది, పట్టికలు నిలవవు. ఇంత చెప్పి, "దీన్ని అన్నిటికంటే ముందు పెట్టు" అన్నది.

"మీ గొయ్యి మీరే తవ్వుకుంటా, నా చేత తవ్విస్తారా? నేను కొట్టను" అన్నాను.

"కొట్టవే."

"చివర్లో పెట్టుకోండి పోనీ. తప్పొప్పులన్నీ చివర్లోనే గదా వేస్తారు."

"చదివేవాడు మొత్తం నమ్మినాక చెప్పటం ఏందే? ముందే చెప్పాల."

కోపంతో కొట్టాను. ఒక అక్షరం తప్పింది. ఆమె చెప్పకముందే నేనే చింపి మళ్ళీ కొట్టాను.

మర్నాడు పొద్దున్నే బస్సెక్కింది. తరవాతి రోజు వచ్చింది. కట్ట కట్టినట్టే ఉంది. గైడు ఆ మొదటి కాగితం తీసేస్తే సంతకం పెడతానన్నాడట. ఈమె తీయనన్నదట. ఆయన బతిమాలాడట కూడా. "పెద్దాయన చానా బాధపడ్డాడు పాపం" అన్నది, అక్కడికి ఆ బాధ ఆయనదే అయినట్టు. ఉద్యోగం పోయింది. ప్రిన్సిపాలు ఆమె గురించి "కాస్త తిక్క మనిషి" అని అందరితో చెప్పుకున్నాడట. ఆ ఒక్క నెలలో చూసింది పట్టుకుని ఒక మనిషికి అలా పేరు పెట్టేశాడు.

వాటా ఖాళీ చేసేటప్పుడు నేల కడిగి వెళ్ళింది. కడిగినా గీతలు లీలగా కనపడేవి. ఆ నిమ్మకాయ ఎండి నల్లబడితే, చేతబడి అని గుండెలు బాదుకున్న అమ్మీ దాన్ని పారెయ్యనియ్యలేదు. ఇనిస్టిట్యూటు గుమ్మానికి కట్టింది. ఎవరైనా అడిగితే, "అది మా మేడమ్మ గ్రహం" అనేది.

ఆమె విజయపురి సౌత్‌లో, డ్యాము ఉద్యోగుల పిల్లలు చదివే బడిలో పంతులమ్మగా చేరింది. రెండేళ్ళకో ఎప్పటికో రమ్మని కబురు పెడితే, చిన్న మిషను బస్సులో ఒళ్ళో పెట్టుకుని వెళ్ళాను. నౌక తుమ్ముల లెక్కలన్నీ అప్పటికి అచ్చయి వచ్చాయి. వంగిన సూదితో చంద్రుళ్ళు ఊడ్చిన మేరలన్నీ ఆమె మళ్ళీ కట్టింది. ఈసారి నౌక కొలిచిన దానితో సరిపోయాయి. అది చెప్పేటప్పుడు ఆమె మొహం వెలిగిపోయింది, నాకు కడుపు నిండింది.

కానీ నీటి ధూళి అధ్యాయం కట్టలో లేదు.

"అదేది మేడం?"

"తీసేశా. నౌక పోయి చూసింది. లోపల దాదాపు ఖాళీ అంట. ఏమీ లేదంట."

"మీకు ప్రాణం గదా అది. చివర్లో అన్నా పెట్టుకోండి."

"ప్రాణమైతే? కొలిచారు, లేదు." తల పక్కకి వాల్చి కృష్ణానది వైపు చూస్తూ కూర్చుంది. "ఉంటే చానా బాగుండేదే" అన్నది. ఆ మాట అన్న తీరు నేను మర్చిపోలేను. అంత ఇష్టమైనదాన్ని కొట్టేసి, ఇష్టాన్ని మాత్రం దాచుకోకుండా చెప్పిన మనిషిని నేను ఇంకొకర్ని చూడలేదు.

ఆ పల్చటి థీసిస్‌కి డాక్టరేటు వచ్చింది. కాలేజీ ఉద్యోగం మాత్రం రాలేదు, ఆమె అదే బడిలో ఉండిపోయింది. కాలనీలో డాక్టరమ్మ అని పేరుపడి, జ్వరాలొచ్చిన వాళ్ళు వచ్చేవాళ్ళట. థర్మామీటరు ఎటూ ఉండేది, పెట్టి చూసి ఆసుపత్రికి పంపేదట.

మొన్న మనవరాలు చదివింది ఇదీ. ఆ నౌక అప్పట్లో పంపిన లెక్కల్ని ఇప్పుడు మళ్ళీ తిరగేశారట. నౌక చేరబోయే ముందే సూర్యుడి వైపు నుంచి పెద్ద గాలి కొట్టిందట. ఆ గాలికి గ్రహం కల్లమంతా నలిగి చిన్నదైపోయి, లోపలున్నది బయటికి తరుముకు పోయి ఉండొచ్చట. అందుకే ఖాళీగా కనపడిందేమోనట. మామూలు రోజుల్లో చంద్రుళ్ళ నుంచి లేచిన నీటి ధూళి అందులో నిండి ఉండొచ్చట.

నాకు మాచవరం బస్సు గుర్తొచ్చింది. సాయంత్రం ఒక్కరూ తుమ్మని బస్సు, అమ్మీ అడిగిన ప్రశ్న, ఆమె ఆపేసుకున్న నవ్వు, తిరుగు ప్రయాణం లేదన్న ఆ నౌక.

"అయితే మా మేడం రాసిందే నిజం!" అని అరిచాను. కూర మాడుతున్న వాసన వస్తున్నా కదల్లేదు. "ఆ అధ్యాయం నేను కొట్టానే! తీసెయ్యొద్దని చెప్పానే! ఆమెదే నిజం!"

"ఏ మేడం నానీ?" అంటోంది పిల్ల.

చెప్పబోయాను. చెప్పబోతుంటే, ముడిలో పెన్నూ, భుజం మీద సుద్దా, పక్కకి వాల్చిన ఆ తలా నా ముందే నిలబడి అడిగినట్టయింది.

పిల్ల వైపు తిరిగాను. "ఆ తరవాత మళ్ళీ ఎవరన్నా పోయి చూశారా అక్కడ?"

ఫోను పైకీ కిందకీ జరిపి చూసింది. "లేదు నానీ. ఇప్పటిదాకా అదొక్కటే పోయిందంట."

గరిటె పట్టుకుని అలాగే నిలబడ్డాను. ఎంత ఆశపడ్డానో అంత దిగులేసింది.

"కొలవలేదు మేడం" అన్నాను, ఎవరూ లేని గుమ్మం వైపు చూసి. "అనుకుంటున్నారంతే."